వినబడని తంబురా

సంగీతము కేవలము చెవులకింపైన కళ కాదు, అది నాదోపాసనమని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. ఉపాసన యన్నపుడు గురువు కావలెను. ఆ గురువు శిష్యుని యెదుటనే కూర్చుండవలెనా, వేల క్రోసుల దూరమున ఉండి యంత్రముద్వారా బోధించినను చాలునా అను ప్రశ్న నేడు సంగీత కళాశాలలలోను విశ్వవిద్యాలయములలోను తరచుగా వినవచ్చుచున్నది. పాశ్చాత్య దేశములలో ఇది క్రొత్తది కాదు. వయొలిన్ విద్వాంసుడు పింకస్ జుకర్‌మన్ 1996 నుండియే, తాను దేశాంతరములలో ఉన్నపుడు సైతము, న్యూయార్కులోని మన్‌హటన్ స్కూల్ ఆఫ్ మ్యూజిక్ విద్యార్థులకు దృశ్యశ్రవణ సాధనముల మూలమున పాఠము చెప్పుచు వచ్చెను. కాలిఫోర్నియాలో 2016లో ఏర్పడిన సిలికానాంధ్ర విశ్వవిద్యాలయము మన కర్ణాటక సంగీతమును, కూచిపూడి నాట్యమును ఇంటర్నెట్ ద్వారా బోధించుటకు పూనుకొన్నది. 2020 మార్చిలో కరోనా వ్యాధివలన దేశమంతటను విద్యాలయములు మూతపడినపుడు, అంతవరకు కొందరికి మాత్రమే తెలిసిన ఈ పద్ధతి మావంటి వృద్ధోపాధ్యాయుల యిండ్లలోనికి కూడ వచ్చి కూర్చున్నది.

ఈ పద్ధతి మంచిదా చెడ్డదా అని వాదించువారు ఇరువైపుల ఉన్నారు. ఆ వాదమునందు నాకు అంతగా ఆసక్తి లేదు. నేను అడుగదలచినది వేరొక ప్రశ్న. యంత్రముద్వారా వినిన పాటనుబట్టి శిష్యుని యోగ్యతను నిర్ణయించు అధికారము గురువునకు ఎంతవరకు ఉన్నది? ఈ ప్రశ్న నాకు శాస్త్రగ్రంథములు చదువగా కలిగినది కాదు. నేను చేసిన ఒక అపరాధమువలన కలిగినది.

అప్పటికి నేను ఒక సంగీత కళాశాలలో గాత్రము బోధించుచు పదవీ విరమణకు దగ్గరగా ఉంటిని. 2020 చివర ఎం.ఏ. తరగతిలో చేరిన తొమ్మండుగురు విద్యార్థులకు ఇంటినుండియే, కంప్యూటరు ముందు కూర్చుండి పాఠము చెప్పవలసి వచ్చినది. వారిలో ఎనమండుగురు మా కళాశాలలోనే డిగ్రీ చదివి, ఏండ్ల తరబడి నా యెదుట కూర్చుండి పాడినవారు. తొమ్మిదవ అమ్మాయి మాత్రము వేరొక చోటినుండి వచ్చినది. గోదావరి ప్రాంతమున ఒక చిన్న పల్లె ఆమెది. ఇంటిలో సెల్‌ఫోనుకు సిగ్నలు సరిగా అందనందున డాబామీద నీళ్ళ ట్యాంకు ప్రక్కన చాప వేసికొని కూర్చుండి పాడుచుండెడిది.

శ్రుతి తల్లి, లయ తండ్రి యని సరళీస్వరములు నేర్చు పసిపిల్లలకు కూడ చెప్పుదుము. ఆ అమ్మాయి పాట వినిన మొదటి దినముననే నాకు తంబురా వినబడలేదు. దీర్ఘముగా నిలుపవలసిన షడ్జము సగములోనే సన్నగిల్లి, మరల పైకి వచ్చి, మరల అణగిపోవుచుండెను. తంబురా లేక పాడుచున్నదనియు, ఊపిరి నిలుపు లేదనియు తలచితిని. "తంబురా పెట్టుకోకుండా పాడకూడదమ్మా" అని చెప్పితిని. "పెట్టుకునే పాడుతున్నానండీ" అన్నది. మరునాడు కూడ అదే మాట నేనంటిని. అదే జవాబు ఆమె చెప్పినది. మూడవ దినమున నాకు కోపము వచ్చినది. "ఉంటే నాకు వినబడదేం?" అని మిగిలిన యెనమండుగురి యెదుటనే గద్దించితిని. ఆమె మారు పలుకలేదు. ఆ అర్ధసంవత్సరము చివర ఇంటర్నల్ మార్కులు వేయవలసి వచ్చినపుడు ఆమెకు 25కు 12 వేసి, శ్రుతిజ్ఞానము చాలదని ఎదుట వ్రాసితిని.

నిజము తెలిసినది తరువాత నెల దినములకు. మా మనుమరాలు ఊరినుండి మాట్లాడవలెనని పిలిచినపుడు నేను తంబురా శ్రుతి చేసికొనుచుంటిని. "తాతయ్యా, నీ తంబురా మొదట వినబడి తరువాత మాయమైపోతోందేం?" అని ఆ పిల్ల అడిగినది. నేను మీటుట ఆపలేదు. తంబురా నా ఒడిలో నిండుగా మ్రోగుచునే యున్నది. అటువైపు పిల్లకు మాత్రము రెండు మూడు సెకనుల తరువాత నిశ్శబ్దము. నాలుగైదు మారులు పరీక్షించి చూచితిమి. ప్రతిమారును అట్లే జరిగినది. అపుడు నాకు నీళ్ళ ట్యాంకు ప్రక్కన కూర్చున్న అమ్మాయి జ్ఞప్తికి వచ్చినది.

కంప్యూటరు విద్య తెలిసిన వారిని అడుగగా కారణము తెలిసినది. ఈ సాధనములు ముఖ్యముగా కార్యాలయములలోని సంభాషణల కొరకు తయారైనవి. మాటలాడువాని గదిలో పంకా తిరుగుచుండును. బయట మోటారు మ్రోగుచుండును. ఆ రొద యెదుటివానికి వినబడకుండుటకై యంత్రములో ఒక ఏర్పాటు చేసిరి. మనుష్యుని మాట క్షణక్షణము మారుచుండును. పంకా చప్పుడు మారక ఒకే తీరున ఉండును. కావున మారక నిలుకడగా ఉన్న ధ్వని యేదైనను అది రొద యని యెంచి యంత్రము దానిని తుడిచివేయును. తంబురా యెట్టిది? పంచమ షడ్జములను ఎడతెగక, మార్పు లేక ధ్వనింపజేయుటయే దాని ధర్మము. యంత్రము దృష్టిలో తంబురాకును పంకాకును భేదము లేదు. కంఠమున నిలుకడగా నిలిచిన దీర్ఘస్వరమును కూడ అది అనుమానించును. శిష్యురాలు ఎంత స్థిరముగా షడ్జమును నిలిపెనో, అంత త్వరగా యంత్రము దానిని తగ్గించినది. ఆమె విద్యలోని గుణమే నా చెవికి చేరునప్పటికి దోషమైనది.

మారని దానిని ఆధారముగా పట్టుకొని మారు దానిని నడుపుకొనవలెనని కదా మన సంగీతము చెప్పునది, వేదాంతము చెప్పునది. ఈ యంత్రమునకు మారునదే సత్యము, మారనిది త్రోసివేయదగినది. యంత్రమును నిందించుట నా యుద్దేశము కాదు. దానిని తయారుచేసినవారు మన తంబురాను దృష్టియందుంచుకొని చేయలేదు. సంగీతజ్ఞులు మొఱపెట్టగా జూమ్ మొదలగు సాధనములలో ధ్వనిని మార్పు చేయక ఉన్నది ఉన్నట్లు పంపు ఏర్పాటును కూడ కల్పించిరి. కాని ఆ ఏర్పాటు ఒకటి యున్నదని తెలిసినవారికే దానివలన ఉపయోగము. నాకు తెలియదు, ఆమెకు తెలియదు.

న్యాయశాస్త్రము చదివినవారు పీతశంఖ దృష్టాంతము నెరుగుదురు. పచ్చకామెర్లు సోకినవానికి తెల్లని శంఖము పసుపుగా కనబడును. దోషము కంటిలోనిది, వాడు దానిని శంఖమునకు అంటగట్టును. అట్టి భ్రమలో ఒక చిత్రమున్నది. వాడు అబద్ధమాడుట లేదు. తనకు కనబడినదే చెప్పుచున్నాడు. నేనును నాకు వినబడినదే చెప్పితిని. అయినను కామెర్ల రోగికిని నాకును ఒక తేడా యున్నది. రోగి శంఖమునకు మార్కులు వేయడు. "నేను తెల్లగానే ఉన్నానండీ" అని శంఖము మూడు దినములు వరుసగా అతనికి చెప్పదు.

దూరవిద్య మాట వచ్చినపుడెల్ల ఏకలవ్యుని ఉదాహరించుట పరిపాటి యైనది. ద్రోణుని ప్రతిమ నెదుట పెట్టుకొని విలువిద్య నేర్చిన ఆ నిషాదుడే ఈ పద్ధతికి ఆదిపురుషుడని సభలలో చెప్పగా వింటిని. ఈ పోలిక నాకు సరిపడదు. మట్టిబొమ్మ ఏకలవ్యుని బాణమును చూచి తప్పొప్పులు చెప్పలేదు. ఆకాశవాణి విజయవాడ కేంద్రమునుండి ఓలేటి వేంకటేశ్వర్లుగారు సంగీత శిక్షణ పాఠములు చెప్పుచుండగా ఊరూర రేడియో ముందు కూర్చుండి కీర్తనలు నేర్చుకొన్నవారు ఎందరో కలరు. గ్రామఫోను పలకలను అరుగునట్లు వినివిని నేర్చినవారు అంతకు ముందే ఉండిరి. ఆ సాధనములన్నియు గురువు స్వరమును శిష్యునికి చేర్చినవి. శిష్యుని స్వరమును గురువు వద్దకు తేలేదు. రేడియోలో తంబురా సరిగా వినబడకున్నచో నష్టపోయినవాడు శిష్యుడే, కాని రేడియో అతనిని మందలింపలేదు. నేటి సాధనములలో క్రొత్తదనము ఇక్కడ ఉన్నది. శిష్యుని పాట తిరిగి వచ్చుచున్నది. తిరిగి వచ్చు త్రోవలో ఏమి రాలిపోయినదో తెలియకుండగనే మేము దానికి విలువ కట్టుచున్నాము. ఉన్నత విద్యలో ఆ విలువ పట్టా మీదికి ఎక్కును, ఉద్యోగమునకు అడ్డుపడును, ఒక్కొక్కపుడు పాడవలెనను కోరికనే చంపును.

శిష్యుని పాటను గురువు వినుట ఎంత ముఖ్యమో నారదుని కథ చెప్పుచున్నది. తుంబురునితో సాటి రావలెనను పంతముతో నారదుడు గానబంధువు వద్ద చిరకాలము నేర్చి, తాను గెలిచితినని తలచి తుంబురుని యింటికి పోయెనట. అక్కడ అవయవములు విరిగి మూల్గుచున్న స్త్రీపురుషులు కనబడిరి. వారు రాగములనియు, తన గానమువలననే వారికి ఆ గతి పట్టినదనియు విని సిగ్గుపడెను. తన పాటలోని లోపము తనకు వినబడలేదు. అంతటి మహర్షియు తుదకు జాంబవతీ సత్యభామా రుక్మిణుల వద్ద శిష్యుడై కూర్చుండి, వారు విని దిద్దగా నేర్చుకొనవలసి వచ్చినది. పింగళి సూరన కళాపూర్ణోదయములో ఈ శిష్యరికమును విస్తరించి వర్ణించెను. ఆ కథ వినినపుడెల్ల నేను నారదుని గూర్చియే ఆలోచించెడివాడను. ఇపుడు ఆ విరిగిన రాగములను గూర్చి ఆలోచించుచున్నాను. చెడు గానమువలన రాగమునకు గాయమగునని పురాణము చెప్పినది. చెడు శ్రవణమువలన గాయకునికి గాయమగునని దానికి నేను చేర్చుకొనవలసి వచ్చినది.

ఇంత చెప్పినంత మాత్రమున యంత్రములు వ్యర్థములని నా భావము కాదు. లండనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్ వారు కచేరీ భయమును పోగొట్టుటకు ఒక కల్పిత సభామందిరమును నిర్మించిరి. విద్యార్థి వేదిక మీదికి వచ్చును; ఎదుట తెరమీద నిలువెత్తు శ్రోతలు గాని పరీక్షకులు గాని ఉందురు. తెర వెనుకనున్నవారు మీట నొక్కినచో ఆ శ్రోతలు చప్పట్లు కొట్టుదురు, దగ్గుదురు, లేదా ముఖము చిట్లించుకొని కూర్చుందురు. నిజమైన పరీక్షకుల యెదుట విద్యార్థుల గుండె ఏ తీరున స్పందించెనో, ఈ బొమ్మల యెదుటను దాదాపు అదే తీరున స్పందించినదని వారు 2014లో ప్రకటించిరి. రజ్జుసర్పమునకు ఇంతకంటె మంచి నిదర్శనము కావలెనా? పాము లేదు, భయము మాత్రము నిజము. లేని పామును నూరుమారులు చూచి భయమును జయించినవాడు ఉన్న పాము నెదుట తడబడక నిలువవచ్చును. తొలి కచేరీలో గొంతు ఎండిపోయి పల్లవి మరచిన విద్యార్థులను నేను ఎందరినో చూచితిని. అట్టి మందిరము మన సంగీత కళాశాలలలో కూడ ఉండిన బాగుండునని నా కోరిక. అయితే ఆ బొమ్మలు విద్యార్థికి భయమును నేర్పగలవు గాని రసానుభూతిని నేర్పలేవు. మీట నొక్కగా తల యూపినవానిని సహృదయుడని యెట్లనగలము?

దూరపాఠమునందు మరియొక చిక్కు కలదు. ఇది ఎవరును తీర్చలేనిది. మన గురువులు శిష్యునితో కలసి పాడుదురు. గమకము ఎక్కడ ఊగవలెనో, సంగతి ఎక్కడ మలుపు తిరుగవలెనో మాటలలో చెప్పుట సాధ్యము కాదు. రెండు కంఠములు ఒకటిగా పోవుచుండగా శిష్యుని కంఠము తనంతట తానే దారి తెలిసికొనును. ఇద్దరు కలసి పాడుటకు ఒకరి స్వరము మరియొకరికి సెకనులో నూటికి మూడు వంతులు గడచులోపల చేరవలెనని నిపుణులు చెప్పుచున్నారు. ధ్వని గాలిలో అంత సేపటిలో పది మీటర్లు పోవును. అనగా పెద్ద సావడి యీ కొననుండి ఆ కొనకు. ఇటలీలో ట్రియెస్టె నగరపు తార్తీని సంగీత విద్యాలయమువారు ఆ దేశపు విద్యాసంస్థల గార్ నెట్‌వర్కుతో కలసి లోలా అను సాధనమును నిర్మించి, 2010లో ట్రియెస్టెలో ఒకరిని పారిస్‌లో ఒకరిని కూర్చుండబెట్టి కలసి వాయింపజేసిరి. అది ఘనకార్యమే. కాని తిరుపతినుండి కాలిఫోర్నియాకు దూరము సుమారు 14,000 కిలోమీటర్లు. గాజుతీగలో కాంతి సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోవును. ఏ అడ్డును లేక తిన్నగా పోయినను సెకనులో నూటికి ఏడు వంతులు పట్టును. తిరిగి వచ్చుటకు మరి యేడు. ఎంత ధనము వెచ్చించి ఎంత మంచి యంత్రమును కొన్నను ఈ లెక్క మారదు. ఇది యంత్రపు లోపము కాదు. సృష్టికర్త వెలుగునకే ఒక వేగము నియమించి గీచిన గీత ఇది.

ఈ గీతవలన నాకొక మేలు జరిగినదని కూడ ఒప్పుకొనవలెను. కలసి పాడుట కుదరనందున నేను పాడి ఆపుదును. తరువాత శిష్యుడు ఒంటరిగా పాడును. నా కంఠము అండగా ఉన్నంతకాలము చక్కగా పాడిన ఇద్దరు ముగ్గురు శిష్యులు ఒంటరిగా పాడవలసి వచ్చునప్పటికి తడబడిరి. వారికి కీర్తన రాలేదనియు, నా నీడలో నడచుట మాత్రమే వచ్చినదనియు ఇన్నేండ్లకు తెలిసినది. ఎదుట కూర్చున్నంతమాత్రమున వినుట జరుగునని చెప్పలేము. 1919లో విజయనగరమున సంగీత కళాశాల నెలకొల్పి ఆదిభట్ల నారాయణదాసుగారిని ప్రథమాధ్యక్షులుగా కూర్చుండబెట్టినపుడే గురుకులము గంటల పట్టికలోనికి మారుట మొదలైనది. గురుశిష్యుల నడుమ దూరము కంప్యూటరుతోనే పుట్టినదనుట న్యాయము కాదు.

భక్తులైన పాఠకులు ఇక్కడ ఒక సందేహము అడుగవచ్చును. 2008 నుండి శ్రీవారి సేవలను టెలివిజనులో ఇంటినుండియే సేవించుచున్నాము గదా. 2020లో కొండమీద దర్శనము నిలిచిపోయిన దినములలో అదియే మనకు ఆధారమైనది గదా. అది దర్శనమైనపుడు ఇది పాఠము కాదా యని. నేనును చాల దినములు ఇట్లే ఆలోచించితిని. కాని దర్శనమునందు స్వామిని మనకు చూపునది కెమెరా. మనలను స్వామికి చూపుటకు ఏ కెమెరాయు అక్కరలేదు. ఇంటిలో చాపమీద కూర్చుండి కన్నులు మూసికొన్న ముసలమ్మ మొర ఆయనకు ఏ యంత్రము సాయమును లేకయే వినబడును. ఏ యంత్రమును దానిని రొద యని తుడిచివేయలేదు. గురువు దైవమని అనుట వాడుకయే గాని గురువు చెవి దైవము చెవి కాదు. తెరమీద కూర్చున్న గురువునకు సర్వజ్ఞత్వము ఆరోపించుకొని నేను తీర్పు చెప్పితిని. ఆ భ్రాంతిని నాకు నేర్పినది యంత్రము కాదు. నలుబది యేండ్లుగా "గురువుగారూ" అని పిలిపించుకొనుట వలన కలిగిన అలవాటది.

నిజము తెలిసిన మరునాడే కళాశాలవారికి ఉత్తరము వ్రాసి, ఆ మార్కులు నా పొరపాటువలన వేసినవనియు, మరల పరీక్షించుటకు అనుమతింపవలెననియు కోరితిని. మార్కుల పట్టిక పంపివేసినందున మార్చుటకు వీలు లేదని జవాబు వచ్చినది. నిబంధన అట్టిది, వారిని తప్పుపట్టను. ఆ అమ్మాయికి ఫోను చేసి చెప్పవచ్చును గాని ఈ మాట ఎదుట కూర్చుండియే చెప్పవలెనని ఆగితిని. అది ధైర్యము లేక వేసిన వాయిదాయేమో కూడ.

2021లో కళాశాల తెరచిన తరువాత ఆమె వచ్చినది. సంచిలోనుండి చిన్న ఎలక్ట్రానిక్ తంబురాను తీసి నేలమీద పెట్టి మీట త్రిప్పినది. అది గదియంతయు అదరునట్లు మ్రోగినది. ధ్వని పూర్తిగా పెంచియున్నది. తగ్గించుట మరచినదని తలచితిని. తరువాత ఆమె ఒక వర్ణము పాడినది. షడ్జమును నిలిపినపుడు కంఠమునకును తంబురాకును నడుమ సందు కనబడలేదు. పాట ముగిసిన తరువాత జరిగినదంతయు చెప్పి, తప్పు నాదంటిని. ఆమె చాలసేపు నేలను చూచుచు కూర్చున్నది.

"మీకు వినబడటం లేదని నాకు మూడోరోజే తెలిసిందండీ" అన్నది.

"మరి చెప్పలేదేమమ్మా?"

"గురువుగారికి వినబడటం లేదని ఎలా చెప్పేదండీ? అందుకే రోజూ ఇంకొంచెం సౌండ్ పెంచి, ఫోనుకి ఇంకొంచెం దగ్గరగా పెట్టేదాన్ని."

ఆ మాటకు నా వద్ద జవాబు లేకపోయినది. ఇప్పటికిని దూరదేశములలోని ముగ్గురు నలుగురు పిల్లలకు కంప్యూటరు ముందు కూర్చుండి పాఠము చెప్పుచున్నాను. పాఠము మొదలుపెట్టకముందు వారి తంబురాను ఒంటరిగా ఒక నిమిషము మ్రోగింపుమని అడిగి, కన్నులు మూసికొని విందును. వినబడనిచో ఆ దినము శ్రుతిని గూర్చి ఒక్క మాటయు చెప్పను. క్రొత్తగా చేరిన పిల్లలకు మొదట నేర్పునది కూడ ఒక వాక్యమే: "గురువుగారూ, మీకు వినబడటం లేదండీ." దానిని వారిచేత బిగ్గరగా రెండు మారులు చెప్పింతును. పిల్లలు నవ్వుదురు.

ఆ అమ్మాయి ఎం.ఏ. ముగించి ఇపుడు తన ఊరిలోనే పిల్లలకు పాఠములు చెప్పుచున్నది. కళాశాల రిజిస్టరులో ఆమె పేరున ఆ పన్నెండు మార్కులు, వాటి ప్రక్కన నా చేవ్రాలు అట్లే ఉన్నవి.